తప్పు నాదేమో అనుకున్నా మేడమ్

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే, వినపడకపోతే చెయ్యెత్తండి, ఎందుకంటే నేను మధ్యలో గొంతు తగ్గించేస్తానని మా పిల్లలు ఎప్పుడూ కంప్లైంట్ చేస్తుంటారు.

నన్ను పిలిచినప్పుడు, "మీ యూనివర్సిటీలో అండర్‌రెప్రజెంటెడ్ స్టూడెంట్స్‌ని ఆస్ట్రానమీలోకి తీసుకొచ్చే ప్రోగ్రాం నడుపుతున్నారు కదా, అది ఎలా నడపాలో చెప్పండి" అన్నారు. ఎలా నడపకూడదో అయితే బాగా చెప్పగలను, చాలా ఏళ్ళ ప్రాక్టీస్ ఉంది. (నవ్వులు) అండర్‌రెప్రజెంటెడ్ అంటే ఎవరు అని మళ్ళీ డెఫినిషన్‌లోకి వెళ్ళను, మీ డిపార్ట్‌మెంట్‌లో గోడ మీద పాత బ్యాచ్‌ల గ్రూప్ ఫొటోలు ఉంటాయి కదా, వాటి ముందు ఒక్క నిమిషం నిలబడితే ఎవరు లేరో మీకే తెలిసిపోతుంది. ఆడపిల్లలు, ఇంట్లో మొదటిసారి కాలేజ్ మెట్లెక్కినవాళ్ళు, జాతి వల్లో కులం వల్లో రంగు వల్లో తరతరాలుగా గేటు బయటే ఉండిపోయినవాళ్ళు, చూపు లేనివాళ్ళు, వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్ళు. ఒక్కో చోట ఒక్కో లిస్టు.

ముందు ఒక అమ్మాయి సంగతి చెప్తా, పేరు చెప్పను. ఫస్ట్ ఇయర్, మా దగ్గర చేరి రెండు నెలలైంది. మా ప్రోగ్రాంలో మొదటి టర్మ్‌లోనే నిజమైన డేటా చేతికిస్తాం, కోర్సులన్నీ అయ్యాక రీసెర్చ్ అనే లెక్క పెట్టుకోలేదు. ఈమెకి టెస్ శాటిలైట్ డేటా ఇచ్చాం, 2018లో నాసా పంపించింది, ఆకాశాన్ని ముక్కలు చేసుకుని ఒక్కో ముక్కని దాదాపు 27 రోజులు అలాగే చూస్తూ ఉంటుంది, ఆ డేటా మొత్తం ఎవరికైనా ఫ్రీ. నక్షత్రం ముందు నుంచి గ్రహం అడ్డం వెళ్తే వెలుగు కొంచెం తగ్గుతుంది, గ్రాఫ్‌లో చిన్న గుంట పడుతుంది, అది వెతకాలి. ఎంత చిన్న గుంటంటే, సూర్యుడి లాంటి నక్షత్రం ముందు గురుగ్రహం అంతది వెళ్తే 1 శాతం తగ్గుతుంది, భూమి అంతదైతే 0.01 శాతం కూడా తగ్గదు.

ఈ అమ్మాయికి గుంట దొరికింది. మంచి లోతుగా, చక్కగా టైం ప్రకారం వస్తోంది. మాతో చెప్పింది, అందరం సంబరపడ్డాం. ఆ తర్వాత రెండు వారాలు కనపడలేదు. మెసేజ్ పెడితే "చూస్తున్నా మేడమ్" అని రిప్లై, అంతే. నేనేమో ఎగ్జామ్స్ ఉన్నాయేమో అనుకున్నా. చివరికి ఒకరోజు వచ్చి కుర్చీ అంచు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరవకుండానే సారీ చెప్పడం మొదలుపెట్టింది, నా కోడ్‌లో ఏదో పాడు చేశాను, ఎక్కడో దొరకట్లేదు, మొత్తం మూడుసార్లు మొదటి నుంచి రాశాను, అయినా అలాగే వస్తోంది అని. ముందు గ్రాఫ్ చూపించు అన్నా. చూపించింది. గుంటలన్నీ ఒకే లోతులో లేవు. ఒకటి లోతుగా, దాని తర్వాతది కొంచెం తక్కువ లోతుగా, మళ్ళీ లోతుగా, మళ్ళీ తక్కువ. సరి సంఖ్యవి ఒక రకం, బేసి సంఖ్యవి ఒక రకం.

ఇక్కడ ఈ ఫీల్డ్‌వాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పటికే నవ్వుకుంటున్నారు. అది కోడ్ తప్పు కాదండీ, అది గ్రహమే కాదు. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఒకదాన్నొకటి కప్పేస్తున్నాయి, ఎక్లిప్సింగ్ బైనరీ అంటాం. ఇది దాని ముందుకొస్తే ఒక లోతు, అది దీని ముందుకొస్తే ఇంకో లోతు, మన సాఫ్ట్‌వేర్ రెంటినీ ఒకటే అనుకుని అసలు పీరియడ్‌లో సగాన్ని పట్టుకుంది. గ్రహం అని చూపించినవాటిలో ఏది గ్రహం కాదో తేల్చడానికి చేసే మొట్టమొదటి పరీక్షల్లో ఈ సరి బేసి టెస్ట్ ఒకటి, ఆ పేరు కూడా తెలియకుండా ఆ అమ్మాయి తనంతట తనే చేసేసింది! చేసి, రెండు వారాలు నిద్ర మానుకుని, తప్పు నాదేమో అనుకుంది.

అదే టర్మ్‌లో ఇంకో అబ్బాయి ఉన్నాడు, వాళ్ళ నాన్న ప్రొఫెసర్, మా ప్రోగ్రాంలో కాదు, మామూలుగా నా కోర్సులో. అతని గ్రాఫ్‌లో కూడా ఏదో తేడా వస్తే పది నిమిషాల్లో నా గదిలో ఉన్నాడు, "మేడమ్, ఈ డేటాలో ఏదో ప్రాబ్లం ఉంది" అని. డేటాలో ఏ ప్రాబ్లమూ లేదు, అతను నక్షత్రం వెలుగుని కొలిచే మాగ్నిట్యూడ్ స్కేల్ తిరగేసి చూడటం మర్చిపోయాడు (మా వాళ్ళు రెండువేల ఏళ్ళ కిందటి పద్ధతి పట్టుకుని వేలాడుతున్నారు, అంకె పెద్దదైతే నక్షత్రం డిమ్‌గా ఉన్నట్టు, ఎవరికి చెప్పినా మొదట తిట్టుకుంటారు). చూడండి తేడా. ఒకరికి తేడా కనపడగానే డేటా తప్పు, ఇంకొకరికి తేడా కనపడగానే నేను తప్పు. తెలివిలో తేడా లేదు, ఇంకా చెప్పాలంటే ఆ అమ్మాయే ఒక మెట్టు పైన ఉంది. నేను ఇన్నేళ్ళుగా నడుపుతున్న ప్రోగ్రాం మొత్తం ఈ రెండు వారాలకీ ఆ పది నిమిషాలకీ మధ్య ఉన్న గ్యాప్ గురించే, మిగతా స్టైపెండ్లు, వర్క్‌షాపులు, టీషర్టులు అన్నీ దాని చుట్టూ కట్టిన పందిరి.

ఇది ఇప్పుడు పుట్టిన జబ్బు కాదు. ఖగోళ శాస్త్రవేత్త సెసీలియా పేన్, 1925 హార్వర్డ్ థీసిస్. నక్షత్రాల్లో లోహాలతో పోలిస్తే హైడ్రోజన్ దాదాపు పది లక్షల రెట్లు ఎక్కువ ఉందని లెక్క వచ్చింది ఆవిడకి. అప్పటిదాకా అందరూ సూర్యుడిలో ఉండేదీ భూమిలో ఉండేదీ ఒకటే సరుకు అనుకుంటున్నారు. అప్పట్లో ఆస్ట్రానమీలో పెద్ద పేరున్న హెన్రీ నోరిస్ రస్సెల్ అంత పెద్దాయన అది అసాధ్యం అన్నాడు. ఆవిడేం చేసిందో తెలుసా, తన థీసిస్‌లోనే ఈ అంకె దాదాపు ఖచ్చితంగా నిజం కాదు అని రాసింది. తనకొచ్చిన లెక్క, సరైన లెక్క, దాన్ని తనే కొట్టేసుకోవాల్సొచ్చింది. నాలుగేళ్ళకి, 1929లో, రస్సెలే వేరే దారిలో అదే జవాబుకి వచ్చి ఆవిడ సరిగ్గానే చెప్పింది అని ఒప్పుకున్నాడు. ఇప్పుడు విశ్వంలో అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది హైడ్రోజన్ అని స్కూల్ పిల్లలు కూడా చెప్తారు.

జోసెలిన్ బెల్ కథ మీకు తెలిసే ఉంటుంది, పల్సార్ (గడియారంలా టైం ప్రకారం రేడియో పల్సులు పంపే నక్షత్రం), 1967, కేంబ్రిడ్జ్. అందరూ నోబెల్ రాలేదు అన్న దగ్గర ఆగిపోతారు, 1974లో వాళ్ళ గైడ్ హ్యూయిష్‌కీ మార్టిన్ రైల్‌కీ ఇచ్చారు అని. నాకు అంతకన్నా ముందు భాగం ఇష్టం. ఆవిడ ఉత్తర ఐర్లాండ్ నుంచి వచ్చింది, కేంబ్రిడ్జ్‌లో వీళ్ళందరూ నాకన్నా తెలివైనవాళ్ళు, నన్ను పొరపాటున తీసుకున్నారు, ఏదో ఒకరోజు బయటికి పంపించేస్తారు అని భయపడేదాన్నని ఆవిడే చాలాసార్లు చెప్పింది. పంపించేలోపు నా తప్పు లేకుండా చూసుకోవాలని రేడియో టెలిస్కోప్ సిగ్నల్ గీసిన చార్ట్ కాగితం రోజుకి దాదాపు 30 మీటర్లు, ప్రతి గీతా కంటితో చూసేది. ఆ కాగితంలో అర సెంటీమీటర్ మేర ఒక చిందరవందర గీత, మామూలువాళ్ళు వదిలేసేది. గైడ్ అది ఏదో మనుషులు చేసిన ఇంటర్‌ఫియరెన్స్ అన్నాడు. ఈవిడ వదల్లేదు. తర్వాత రికార్డర్ స్పీడ్ పెంచి చూస్తే 1.33 సెకన్లకోసారి టక్ టక్ మని పల్స్.

ఇది చెప్పినప్పుడు ఎవరో ఒకరు అంటారు, చూశారా, ఆ భయమే ఆవిడతో పల్సార్ కనిపెట్టించింది, కాబట్టి భయం మంచిదే కదా అని. వద్దు బాబూ. ఒకరు అలా గట్టెక్కారు, ఆ భయంతోనే కాగితం మడిచిపెట్టి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు మనకి తెలియవు కాబట్టి అలా అనిపిస్తుంది. ఆవిడకే బాగా తెలుసు ఆ సంగతి. 2018లో 30 లక్షల డాలర్ల బ్రేక్‌త్రూ ప్రైజ్ వస్తే మొత్తం తీసుకెళ్ళి బ్రిటన్‌లో ఫిజిక్స్ పీహెచ్‌డీ చేసే అండర్‌రెప్రజెంటెడ్ స్టూడెంట్స్ స్కాలర్‌షిప్‌లకి ఇచ్చేసింది.

సరే, ప్రోగ్రాం దగ్గరికి వద్దాం.

మొదటి ఏడాది మేం చేసింది చెప్తా. అప్లికేషన్లు పిలిచాం, మార్కులు చూశాం, రికమెండేషన్ లెటర్లు చూశాం, టాప్‌లో ఉన్నవాళ్ళని తీసుకున్నాం. చాలా ఫెయిర్‌గా చేశామనుకున్నాం. ఏడాది తిరిగాక చూసుకుంటే మేం తీసుకున్నవాళ్ళలో చాలామంది మేం లేకపోయినా ఎక్కడో అక్కడ ఎక్కేవాళ్ళే. లెటర్లు ఎవరికి బాగా వచ్చాయి? ప్రొఫెసర్ గదికి వెళ్ళి పలకరించడం తెలిసినవాళ్ళకి. మూడొందల మంది క్లాసులో వెనక కూర్చుని, క్లాస్ అవ్వగానే పార్ట్‌టైం పనికి పరిగెత్తేవాడికి లెటర్ ఎవడిస్తాడండీ? అంటే గేటు బయట ఉన్నవాళ్ళ కోసం గేటు కట్టి, దానికి మళ్ళీ పాత తాళమే వేశామన్నమాట. ఇప్పుడు లెటర్లు అడగట్లేదు. ఒక పేజీ రాయమంటాం, ఏదైనా ఒక పని రాకపోయినా వదలకుండా పట్టుకున్న సందర్భం గురించి, అది ఆస్ట్రానమీ కానక్కర్లేదు. ఒకడు పాత మోటార్ రిపేర్ గురించి రాశాడు, ఏడు నెలల కథ, నేను చదివిన రీసెర్చ్ స్టేట్‌మెంట్లలో అది బెస్ట్.

పేరు గురించి కూడా ఒక మాట. మొదట్లో పేరులో సపోర్ట్ అన్న మాట పెట్టాం. పిల్లలు చేరడానికి మొహమాటపడ్డారు, చేరినవాళ్ళు ఫ్రెండ్స్‌కి చెప్పుకోలేదు. సపోర్ట్ అంటే ఏదో తక్కువైనవాళ్ళకి ఇచ్చేది కదా. అప్పుడు నేను యూరి ట్రీస్‌మన్ అనే లెక్కల మేష్టారి పని గురించి చదివాను. 1970ల్లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో కాలిక్యులస్‌లో నల్లజాతి స్టూడెంట్స్ ఎక్కువగా ఫెయిల్ అవుతుంటే, ఎందుకూ అని అక్కడి ఫ్యాకల్టీని అడిగాడు. ప్రిపరేషన్ లేదు, మోటివేషన్ లేదు, ఇంట్లో చదువు వాతావరణం లేదు, అవే మనం ఇప్పటికీ స్టాఫ్ రూంలో వినే మాటలు. ఆయన నమ్మకుండా వెళ్ళి 20 మంది నల్లజాతి పిల్లలు, 20 మంది చైనీస్ మూలాలున్న పిల్లలు రోజూ ఎలా చదువుతున్నారో నెలల తరబడి దగ్గరుండి చూశాడు. మోటివేషన్ బ్రహ్మాండంగా ఉంది. తేడా ఎక్కడంటే, మొదటివాళ్ళు ఒంటరిగా చదువుతున్నారు, రెండోవాళ్ళు విడిగా చదివాక మళ్ళీ కలిసి కూర్చుని జవాబులు పోల్చుకుంటున్నారు. ఒక లెక్క ఎవరికీ రాకపోతే ఓహో ఇది లెక్కే కష్టం అని తెలుస్తుంది. ఒంటరిగా ఉన్నవాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? నాకే రావట్లేదు అనుకుంటాడు. ఆయన పెట్టిన వర్క్‌షాపుల్లో తేలిక లెక్కలు కాదు, మామూలు క్లాసు కన్నా కష్టమైనవి ఇచ్చారు, గ్రూపులుగా. ఫెయిల్యూర్లు బాగా తగ్గాయి.

మేం దాన్ని నేరుగా కాపీ కొట్టాం, చెప్పుకోడానికి సిగ్గేం లేదు. అమెరికాలో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో 2005లో ప్రీ మ్యాప్ అని మొదలైంది, కాలేజ్‌లో అడుగుపెట్టిన మొదటి టర్మ్‌లోనే ఒక బ్యాచ్‌గా చేర్చుకుని, కోడింగ్ నేర్పి, రీసెర్చ్ ప్రాజెక్ట్‌లో పెట్టేస్తారు, దాన్నుంచి కూడా తీసుకున్నాం. మా బుధవారం సెషన్‌లో రూల్ ఒకటే, వచ్చినవాళ్ళు ఆ వారం ఎక్కడ ఆగిపోయారో స్క్రీన్ మీద పెట్టి చూపించాలి. పని చేసిన ప్లాట్ చూపించకూడదు. ముందు నేను చూపిస్తా. నా ఎర్రర్ మెసేజ్‌లు, నాకు రిజెక్ట్ అయిన టెలిస్కోప్ ప్రపోజల్, నా పేపర్ రివ్యూ చేసిన రెఫరీ తిట్టిన రిపోర్ట్. మొదటిసారి నా రిజెక్షన్ లెటర్ పెట్టినప్పుడు గది అంతా నిశ్శబ్దం, ఎవరో మెల్లగా "మీకు కూడానా" అన్నారు. మాకు కూడానే నాయనా. పెద్ద టెలిస్కోప్‌ల టైం అడిగేవాళ్ళలో ఎక్కువమందికి దొరకదు, హబుల్ స్పేస్ టెలిస్కోప్ అయితే అడిగినవాళ్ళలో పదిమందికి ఒకరికి కూడా రాని రౌండ్లున్నాయి. అది తెలియని పిల్లకి మొదటి రిజెక్షన్ వస్తే దాన్ని తన మీద తీర్పులా తీసుకుంటుంది.

హబుల్ అన్నాం కాబట్టి ఒక విషయం. అన్నీ పిల్లల మనసులో ఉన్నట్టు మాట్లాడితే అన్యాయం. హబుల్ టైం ఇచ్చే కమిటీల్లో ఏళ్ళ తరబడి మగవాళ్ళ ప్రపోజల్స్‌కి సక్సెస్ రేటు ఆడవాళ్ళ కన్నా కొంచెం ఎక్కువగా వస్తూనే ఉంది. 2018లో పేర్లు తీసేసి, ఎవరు రాశారో రివ్యూ చేసేవాళ్ళకి తెలియకుండా చేశారు. ఆ రౌండ్‌లో ఆడవాళ్ళు లీడ్ చేసినవాటికి 8.7 శాతం, మగవాళ్ళవాటికి 8 శాతం. ఒక్క రౌండ్ అంకెలు చూసి ఊగిపోకూడదు, చిన్న నంబర్లు. కానీ ఆడవాళ్ళెవరికీ కాన్ఫిడెన్స్ క్లాసులు పెట్టలేదు కదా, ఫారం మార్చారు అంతే. నేను మా డిపార్ట్‌మెంట్‌లో ఇది చెప్తే ఒకాయన "మనం ఎప్పుడూ పేరు చూసి ఇవ్వలేదు" అన్నాడు. అయితే పేరు తీసేస్తే పోయేదేముంది సార్ అన్నా.

ఇక డబ్బులు. దీని గురించి ఎవరూ స్టేజీ మీద మాట్లాడరు, నేను మాట్లాడతా. రీసెర్చ్ ఎక్స్‌పీరియన్స్ ఫ్రీగా చెయ్యండి, రెజ్యూమేకి మంచిది అనడం ఉందే, అది ఇంట్లో డబ్బున్న పిల్లలకి మాత్రమే ఇచ్చే ఆఫర్. మేం గంటలు లెక్కగట్టి ఇస్తాం, బయట పార్ట్‌టైం పనిలో ఎంత వస్తుందో అంతకి తగ్గకుండా. అయినా బోల్తా పడ్డాం. ఒక కాన్ఫరెన్స్‌కి నలుగుర్ని పోస్టర్లతో పంపించాం, టికెట్, హోటల్, రిజిస్ట్రేషన్ మొత్తం గ్రాంట్ భరిస్తుందని గొప్పగా చెప్పా. భరిస్తుంది, కానీ రీఇంబర్స్‌మెంట్. అంటే ముందు మీరు పెట్టుకోండి, బిల్లులు ఇవ్వండి, తర్వాత ఇస్తాం. ఆ తర్వాత అన్నది ఐదు నెలలైంది. ఒక అబ్బాయి అందుకోసం అప్పు చేశాడని, వడ్డీ కట్టాడని నాకు వేరేవాళ్ళ ద్వారా తెలిసింది, వాడు నాతో అనలేదు, ఎందుకంటే అందరూ ఇలాగే పెట్టుకుంటారేమో, నాకొక్కడికే కష్టమేమో అనుకున్నాడు. మళ్ళీ అదే, చూశారా. ఆ రోజు నుంచి మా ప్రోగ్రాంలో స్టూడెంట్ జేబులోంచి ఒక్క పైసా ముందు పెట్టడానికి వీల్లేదు, టికెట్లు మేమే బుక్ చేస్తాం. అకౌంట్స్ ఆఫీస్‌తో దానికోసం ఎన్ని ఫారాలు నింపానో అది వేరే ప్రసంగం.

ఇంకో రెండు మాటలు, టైం చూస్తున్నారు అక్కడ. మెంటర్ల సంగతి. ఇలాంటి ప్రోగ్రాం పెట్టగానే డిపార్ట్‌మెంట్‌లో ఉన్న ఒక్క మహిళా ప్రొఫెసర్‌కో, ఆ వర్గం నుంచి వచ్చిన ఒక్క రీసెర్చ్ స్కాలర్‌కో అప్పజెప్పేస్తారు, వాళ్ళకైతే అర్థమవుతుంది అని. వాళ్ళ పేపర్లు ఆగిపోతాయి, ప్రమోషన్ టైంలో ఈ పని ఫారంలో ఏ గడిలోకీ రాదు. కాబట్టి మీరు మొదలుపెట్టేముందు హెడ్ దగ్గర కూర్చుని టీచింగ్ లోడ్ తగ్గిస్తారా లేదా అన్నది రాయించుకోండి. గ్రాంట్ మూడేళ్ళ వరకే వస్తుంది, మనలో ఆరంభశూరులకి తక్కువ లేదు, నాలుగో ఏడు నుంచి ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. నేను సెలవు మీద వెళ్ళిన టర్మ్‌లో మా బుధవారం సెషన్ మూడు వారాల్లో ఆగిపోయింది. చాలా నొచ్చుకున్నా, తర్వాత అర్థమైంది, అప్పటిదాకా నడిచింది ప్రోగ్రాం కాదు, నా ఓపిక. ఇప్పుడు అది క్రెడిట్ కోర్సు, టైంటేబుల్‌లో ఉంది, నేనున్నా లేకపోయినా ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

ప్రశ్నలు తీసుకుంటా. చెప్పండి.

(సభలోంచి: మీ ప్రోగ్రాంలో చేరి ఆస్ట్రానమీ వదిలేసినవాళ్ళు ఉంటారు కదా మేడమ్, వాళ్ళని ఫెయిల్యూర్‌గా లెక్కేస్తారా?)

గ్రాంట్ రిపోర్ట్‌లో అయితే వాళ్ళకి గడి లేదండీ. పీహెచ్‌డీలో చేరారా, అవును, కాదు, అంతే. వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు, ఉంటారు. కొందరు మేం సరిగ్గా పట్టించుకోక వెళ్ళారు, అది మా లెక్కలోనే రాసుకోవాలి. కొందరు మాత్రం హాయిగా, ఇంకేదో నచ్చి వెళ్ళారు. నేను మొదట చెప్పిన అమ్మాయి, సరి బేసి అమ్మాయి, ఆమె కూడా రెండేళ్ళ తర్వాత వెళ్ళిపోయింది, ఇప్పుడు హాస్పిటల్ డేటా మీద పని చేస్తోంది, గుండె కొట్టుకునే గ్రాఫ్‌ల్లో తేడాలు వెతకడం, అదీ గుంటలు వెతికే పనే అని నవ్వింది. వెళ్ళేముందు కొత్త బ్యాచ్ కోసం ఒక కోడ్ నోట్‌బుక్ (కంప్యూటర్‌లో ముక్కలు ముక్కలుగా, అంటే సెల్స్‌గా, నడిపే కోడ్ ఫైల్) రాసిచ్చింది, నక్షత్రం వెలుగు గ్రాఫ్, అంటే లైట్ కర్వ్, డౌన్‌లోడ్ చేసి ప్లాట్ వేసేదాకా, మా పిల్లలందరూ మొదటి వారం దాంతోనే మొదలుపెడతారు. అందులో నాలుగో సెల్ దగ్గర ఒక కామెంట్ ఉంటుంది, "ఇక్కడ ఎర్రర్ వస్తే మీ తప్పు కాదు, లైబ్రరీ వర్షన్ పాతది, ఎవరినైనా పిలవండి" అని. ఆ వర్షన్ ఎప్పుడో మార్చేశాం, అక్కడ ఎర్రర్ రావడం మానేసి చాలా కాలమైంది. మా అసిస్టెంట్ ఆ లైన్ తీసేయమంటారా అని ప్రతి ఏడాదీ అడుగుతాడు, ఉండనీ అంటాను.